పరమాణువులకు స్పీడ్ బ్రేకర్

నా భార్య సుంకమ్మను చంపింది ఒక తెలుగు మాట. ఇందులో వాదించడానికేమీ లేదు. ఆ మాట ‘అతివేగ’. పోలీసులు దాని చివర ఒక సున్నా తగిలించి ‘అతివేగం’ అని రాసుకున్నారు. అంతే తేడా.

మాది ఎర్రబండపల్లె. ఊరికి పడమర గుట్టంత రాతిబండ ఒకటుంది. దాని మీద గడ్డి మొలవదు, నీరు నిలవదు. ఇంత పనికిమాలిన చోటు దేశంలో ఇంకెక్కడా దొరకలేదని ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దలు మురిసిపోయారు. వాళ్ళకు కావలసింది కదలని నేల. కదలని చోట కూర్చుంటేనే కదిలేదాన్ని కొలవగలరట. బండ మీద పొడుగాటి సొరంగం కట్టి అందులో ఒక యంత్రం పెట్టారు. క్యాంటీన్ మాకిచ్చారు. ఇడ్లీ, వడ, సాంబారు సుంకమ్మ చేసేది. వచ్చినవాళ్ళతో మాట్లాడే పని కూడా ఆమెదే. నేను వడ్డించేవాణ్ణి.

యంత్రం సంగతి మాకు అర్థమయ్యేలా చెప్పింది మెహరున్నీసా. కడప పిల్ల. డాక్టరే, కానీ సూది వేసే డాక్టరు కాదు. పరమాణువులు ఎలా కదులుతాయో చూడడం ఆమె పని. ముందు ఒక వెలుగు దెబ్బ కొడతారు. ఆ దెబ్బకు స్ఫటికంలోని పరమాణువులు ఉలిక్కిపడతాయి. వెంటనే ఎక్స్‌రే మెరుపు ఒకటి పంపుతారు. అది వాటికి తగిలి చుట్టూ చెదురుతుంది. ఎటు ఎంత చెదిరిందో చూసి, ఆ క్షణాన పరమాణువు ఎక్కడుందో చెబుతారు. చీకట్లో ఉన్న బిందె మీదికి గుప్పెడు ఆవాలు విసిరి, అవి ఎటు ఎగిరిపడ్డాయో చూసి బిందె ఆకారం చెప్పడం లాంటిది. దెబ్బకూ మెరుపుకూ మధ్య ఎడం ఎంతంటే, సెకనును కోటి కోట్ల ముక్కలు చేసి, అందులో ఒక ముక్కను పట్టుకుని మళ్ళీ ముక్కలు చేయాలి.

సుంకమ్మ గరిటె పట్టుకునే అంతా వినింది. “ఆ అణువులే నయం తల్లీ. కొడితే కదుల్తాయి. మా ఆయప్పను కొట్టినా కదలడు” అంది.

మెహరున్నీసా టీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వింది. నేను నవ్వలేదు.

సంస్థ పేరు ఇంగ్లీషులో బారెడుంటుంది. దాన్ని తెలుగులో కూడా రాసి రోడ్డు మీద పెట్టాలని నిబంధన. డైరెక్టర్ డాక్టర్ శేషశాయి గారు అనువాద సంఘం ఒకటి వేశారు. సంఘం చాలాకాలం కూర్చుని, మా వడలు చాలా తిని, ‘అతివేగ పరమాణు చలన పరిశోధన కేంద్రం’ అని తేల్చింది. పేరులో తప్పు లేదు. బోర్డు రేకు చాలలేదు. పెయింటరు మొదటి మాటను పైవరసలో పెద్దగా రాసేశాక మిగతా మాటలకు చోటు లేదని గమనించి, వాటిని కింద చీమల బారులా ఇరికించాడు. ఆ కింద కేంద్రం వైపు బాణం గుర్తు పెట్టాడు. రోడ్డున పోయేవాడికి కనబడేవి పైమాట, బాణం. అతివేగ. ఇటు.

ఆ దారిన జిల్లా రహదారి భద్రతా మండలి కన్వీనర్ పరాంకుశం గారు వచ్చారు. అవి భద్రతా వారోత్సవాలు. ఆయన కారుకు అటూ ఇటూ ‘అతివేగం ప్రమాదకరం’ అని బ్యానర్లు కట్టి ఉన్నాయి. బోర్డు చూసి కారు ఆపించారు. దిగి, కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ చూశారు. దాని పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నారు. పేపర్లో ఆ ఫొటో కింద ఆయన ప్రకటన వచ్చింది. ఒక ప్రభుత్వ సంస్థ తన అతివేగమును తానే బాహాటముగా ప్రకటించుకొనుచుండగా, అచట ఎట్టి రక్షణ చర్యలూ లేకపోవుట మిక్కిలి శోచనీయమట.

వారోత్సవాలు ముగిసేలోగా రోడ్డుకు అడ్డంగా స్పీడ్ బ్రేకర్ వచ్చింది. పొట్టేలు పండుకున్నంత ఎత్తు. దానికి తెల్లరంగు లేదు. కట్టడం ఒక శాఖ, రంగు ఇంకో శాఖ. ముందుగా హెచ్చరిక బోర్డయినా పెట్టమని లారీ డ్రైవర్లు అడిగితే, పెద్దక్షరాల బోర్డు ఇదివరకే ఉంది కదా అన్నారట.

అది వచ్చిన సాయంత్రం మేము ఆ దారిన పోలేదు. తెల్లవారి పోయాం. సుంకమ్మ మోపెడ్ వెనక ఒకపక్కకు కూర్చుని, ఒళ్ళో సాంబారు తపేలా పెట్టుకుంది. ఆ బండి గట్టిగా పోదు. పోయినా నేను పోనివ్వను. మసక వెలుతురు. రోడ్డూ పొట్టేలూ ఒకే రంగు. సుంకమ్మ ఏదో చెబుతోంది. మాట మధ్యలో పడింది. తల నేలకు కొట్టుకుంది. తపేలా మాత్రం దొర్లుకుంటూ పోయి నిలబడింది.

పోలీసులు వచ్చి స్థలం పేరు అడిగారు. జనం బోర్డు చూపించారు. రైటరు ‘అతివేగ’ అని రాసుకున్నాడు. స్టేషన్‌కు పోయాక ఆ మాటకు సున్నా చేరింది. స్థలం గడిలోంచి లేచి కారణం గడిలోకి పోయి కూర్చుంది.

పెద్దకర్మ అయ్యాక నేను అర్జీ పెట్టాను. డబ్బు అడగలేదు. ఎవరినీ శిక్షించమనలేదు. ఆ స్పీడ్ బ్రేకర్ తీసేయమన్నాను. అడిగింది అదొక్కటే. మండలి పిలిచింది. సుంకమ్మ అక్క హంపమ్మ వదిన కూడా నాతో వచ్చింది.

పరాంకుశం గారు సంతాపం తెలుపుతూ లేచి నిలబడ్డారు. అందరినీ నిలబెట్టారు. కూర్చున్నాక, ప్రమాదం జరిగింది కనుక అది ప్రమాద స్థలమని రుజువైందనీ, ప్రమాద స్థలంలో ఒక వేగ నిరోధకం చాలదనీ, వెంటనే మరో రెండు వేయిస్తామనీ చెప్పారు. నా అర్జీకి ఇంత త్వరగా స్పందించినందుకు సభ్యులు బల్లలు చరిచారు.

“అది ఉండబట్టే పడింది సార్” అన్నాను.

“అది లేకున్నచో ప్రమాద తీవ్రత ఇంకనూ అధికముగా ఉండెడిది.”

“సావు కంటే ఎక్కువేముంటాది సార్?”

“దానినే మేము నివారించితిమి” అన్నారాయన.

హంపమ్మ వదిన కొంగు నడుముకు దోపింది. “ఆ పొట్టేలును తీసుకపోయి నీ ఇంటి వాకిట్లో పండబెట్టుకో సామీ. మీ ఆడోళ్ళు ఎట్ల దాటుతారో మేమూ సూస్తాం” అంది. పరాంకుశం గారు గుమాస్తా వైపు చూశారు. గుమాస్తా రాసుకున్నాడు. మరునాటి పేపర్లో ‘స్వగృహముల ఎదుట సైతం వేగ నిరోధకములు కోరుచున్న గ్రామీణ మహిళలు’ అని వచ్చింది.

రెండు కొత్తవి లేచాయి. అవీ అంతే ఎత్తు.

మా రోడ్డున గ్రానైటు లారీలు పోతాయి. ఇల్లంత రాయిని వేసుకుని పోయే లారీ ఆ మూడింటి మీదా ఎగిరి పడితే ఊళ్ళో గిన్నెలు మోగేవి. మోగేది గిన్నెలే కాదని మెహరున్నీసా వచ్చి చెప్పినప్పుడు తెలిసింది. ఆ అదురు బండలోకి దిగి, బండలోంచి యంత్రంలోకి పోతోందట. కదలని నేల కదులుతోంది. పరమాణువు బొమ్మ అలుక్కుపోయి వస్తోంది. చిన్నపిల్లవాడు కదులుతుంటే తీసిన ఫొటోలో మొహం చెదిరిపోతుందే, అలాగ. ఇక్కడ పిల్లవాడు నిలబడ్డా కెమెరా పట్టినవాడి చెయ్యి వణుకుతోంది.

నాకు అదే చాలనిపించింది. నా మాట వినకపోతే పోయారు, ఇంత పెద్ద యంత్రం మాట వినరా? మెహరున్నీసాతో కలిసి డైరెక్టర్ గారి దగ్గరకు పోయాను. శేషశాయి గారు మంచి మనిషి. ఎవరు ఏం చెప్పినా తల ఊపుతారు.

“మనం వైజ్ఞానికులమే. కానీ అంతకుముందు నిబంధనలకు బద్ధులం” అన్నారు. మండలివారినే పిలిచి యంత్రం చూపిద్దామనీ, కళ్ళతో చూస్తే వాళ్ళకే అర్థమవుతుందనీ కూడా అన్నారు.

మండలి వచ్చింది. తెల్లకోట్లు తొడుక్కుంది. టీలు అందించడానికి నేనూ లోపలికి పోయాను. పరాంకుశం గారు యంత్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు చూసి, ఇందు పరమాణువులు ఏ వేగమున సంచరించునని అడిగారు.

మెహరున్నీసాకు అబద్ధం రాదు. పదార్థాన్ని బట్టి ఉంటుందనీ, ఉజ్జాయింపుగా సెకనుకు ఒక కిలోమీటరు అనుకోవచ్చనీ చెప్పింది.

సభ్యుల్లో ఒకాయన సెల్‌ఫోన్ తీసి గుణించాడు. గంటకు మూడువేల ఆరువందలు. మా రోడ్డున పరిమితి ముప్పై. సభ్యులందరూ కోట్ల బొత్తాలు పెట్టుకున్నారు.

“అవి ఎక్కడికీ పోవు సార్” అంది మెహరున్నీసా. “ఉన్నచోటే ఊగుతాయి. వెంట్రుక మందంలో పదిలక్షల వంతు కూడా జరగవు.”

“అంత స్వల్ప దూరమునకు అంత వేగమెందుకు?”

మా ఊరి కుర్రాళ్ళ మోటారు సైకిళ్ళను చూసి నేనూ అదే అడుగుతుంటాను.

వాటిని ఇట్లు కదుపుచున్నది ఎవరని ఆయన అడిగారు. మేమే, లేజరుతో అని ఆమె చెప్పింది. అనగా మీరే రెచ్చగొట్టి, మీరే ఫొటో తీయుచున్నారా అన్నారు. అంతేనని ఒప్పుకుంది. ఆయన మొదటిసారి మెచ్చుకోలుగా చూశారు. హైవే మీద చెట్టు చాటున కెమెరాలు పట్టుకుని వాళ్ళ మనుషులు చేసేదీ ఇంచుమించు అదే.

అప్పుడు ఆమె బొమ్మలు చూపించింది. పాతవి, కొత్తవి. స్పీడ్ బ్రేకర్లు వచ్చాక ఎలా అలుక్కుపోయాయో ఒక్కొక్కటే వేలు పెట్టి చెప్పింది. లారీలు, అదురు, బండ, అన్నీ వివరించింది. పరాంకుశం గారు శ్రద్ధగా విన్నారు.

“మా కెమెరాలలో కూడా అంతే. వాహనము మిక్కిలి వేగముగా పోవునప్పుడు చిత్రము చెదరును. ఈ చిత్రము చెదిరినదనగా, ఈ పరమాణువులు వేగమును ఇంకనూ తగ్గించుకొనలేదని అర్థము” అన్నారు.

“సార్, స్పీడ్ బ్రేకర్లు పెట్టినాకనే కదా చెదిరింది.”

“కావున అవి చాలలేదు.”

శేషశాయి గారు తల ఊపారు.

కొత్తవి గేటు లోపల వచ్చాయి. బండ్లు నిలిపే చోట వచ్చాయి. బొమ్మ ఇంకా చెదిరింది. దాన్ని చూసి వరండాలో వేశారు. అద్దాలూ స్ఫటికాలూ మోసే తోపుడు బండ్లు వాటి మీద ఎగరలేక ఆగిపోయాయి. సైంటిస్టులు వాటిని పల్లకీల్లా భుజాన మోశారు. మా క్యాంటీన్ గడప ముందు కూడా ఒకటి వేశారు. సాంబారు మీద ఈగ వాలేంత వేగం కూడా మాకు లేదని చెప్పాను. రాసివ్వమన్నారు.

ఇంతలో ఎవరో తెలియక నోరు జారారు. ఆ ఎక్స్‌రే మెరుపు పుట్టడానికి సొరంగంలో ఎలక్ట్రాన్లను పరుగెత్తిస్తారనీ, అవి దాదాపు కాంతి అంత వేగంతో పోతాయనీ. పరాంకుశం గారు కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు అడిగారు. ఇన్నాళ్ళూ ఈ జిల్లాలో, తమ పరిధిలో, తమకు తెలియకుండా అంటూ చాలాసేపు వాక్యం పూర్తి చేయలేకపోయారు.

సొరంగంలో నేల మీద స్పీడ్ బ్రేకర్ వేశారు. దీనికి రంగు కూడా వేశారు, పసుపూ నలుపూ చారలు. రాత్రిపూట మెరిసే బిళ్ళలు అతికించారు. ఎలక్ట్రాన్లు నడుమెత్తున ఉన్న పైపులో, దాని మీదుగా, ఎప్పటిలాగే పోతున్నాయి. ఒక్కటీ నెమ్మదించలేదు. కానీ తనిఖీకి వచ్చినవారు చూసేది స్పీడ్ బ్రేకర్ ఉందా లేదా అనే. ఉంది. శేషశాయి గారికి ‘రహదారి భద్రతలో ఉత్తమ వైజ్ఞానిక సంస్థ’ అని రోలింగ్ షీల్డు ఇచ్చారు. ఆయన దాన్ని గదిలో అద్దాల బీరువాలో పెట్టించారు. లారీ పోయినప్పుడల్లా అది టింగుమనేది.

మెహరున్నీసా ఇంకో దారి చూసింది. గొడవంతా ఆ మాటతోనే కదా, బోర్డు మీద ఆ మాట తీసేద్దామంది. శేషశాయి గారికి తీసేయడం ఇష్టం లేదు. మధ్యేమార్గంగా ‘మితవేగ’ అని మారుద్దామని ఢిల్లీకి రాశారు. అక్కడి నుంచి జవాబు వచ్చింది. తాము నిధులు ఇచ్చింది అతివేగానికేననీ, మితవేగంతో పనిచేసే సంస్థలు దేశంలో ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయనీ.

నేను అర్జీలు పెడుతూనే ఉన్నాను. ‘విషయము పరిశీలనలో ఉన్నది’ అని వస్తూనే ఉంది. రోజూ పొద్దున ఆ మూడు పొట్టేళ్ళ దగ్గరా దిగి, బండిని తోసుకుంటూ దాటేవాణ్ణి. లారీ డ్రైవర్లు హారన్ కొట్టేవారు. కొట్టుకోనీ అనుకునేవాణ్ణి.

అప్పుడు ఢిల్లీ నుంచి సంస్థల పెద్దాయన వస్తున్నాడన్నారు. ఆయనకు నడుం నొప్పి. కారు కుదిపితే పట్టేస్తుందట. ముందురోజు తెల్లవారకముందే యంత్రాలు దిగి రోడ్డును గీకేశాయి. గేటు లోపలివి, వరండాలోవి, మా గడప ముందుది, అన్నీ పోయాయి. సొరంగంలోది మాత్రం మిగిలింది. ఆయన అందులోకి కారులో పోడు కదా.

నేను మోపెడ్ దిగలేదు. దిగవలసిన చోటు వచ్చి, దాటిపోయి, ఆ తర్వాత ఆపాను. వెనక్కి నడిచి వచ్చి అక్కడ నిలబడ్డాను. చెప్పు విడిచి కాలితో రాసి చూశాను. ఎత్తు లేదు. రోడ్డు రోడ్డులా ఉంది. ఎవరి నడుం నొప్పి వల్ల అయితేనేం అనుకున్నాను. ఆ రోజు క్యాంటీన్‌లో ఎవరడిగితే వాళ్ళకు ఇంకో వడ వేశాను.

ఆ మధ్యాహ్నం మెహరున్నీసా క్యాంటీన్‌లోకి కంప్యూటర్ చంకన పెట్టుకుని వచ్చింది. పొద్దుట్నుంచి ఆమె యంత్రం దగ్గర నుంచి లేవలేదట. జుట్టు రేగిపోయి ఉంది.

“అన్నా, కనపడింది” అంది.

తెర మీద నల్లని మైదానంలో తెల్లని చుక్కలు వలయాలుగా ఉన్నాయి. ఒక్కటీ చెదరలేదు. ముగ్గు పెట్టే ముందు చుక్కలు పెడతారే, అంత శుభ్రంగా ఉన్నాయి. ఇది దెబ్బకు ముందు, ఇది తర్వాత అని రెండు బొమ్మలు మార్చి మార్చి చూపించింది. రెండోదాంట్లో కొన్ని చుక్కలు వెలిగాయి, కొన్ని మసకబారాయి. అంటే పరమాణువులు జరిగాయని. సెకనులో ఇన్ని కోట్ల వంతులో, ఇంత కొంచెం. నాకు అంతా అర్థం కాలేదు. కానీ జరిగిందని నా కళ్ళతో చూశాను.

“రోడ్డు సాపు చేసినందుకే వచ్చిందన్నా ఇది. రేపు మీటింగులో పెద్దాయన ముందరే చెప్తా. ఇంగ మళ్ళ ఎవురూ కట్టలేరు.”

“గట్టిగా చెప్పమ్మా” అన్నాను. అంతకు మించి ఆ పిల్లను ఎప్పుడూ ఏమీ అడగలేదు.

మీటింగ్ పెట్టారు. వేదిక మీద పెద్దాయన, నడుముకు ఆనుకునేందుకు దిండు, పక్కన శేషశాయి గారు, పరాంకుశం గారు. ముందు వరసలో నన్నూ, హంపమ్మ వదిననూ కూర్చోబెట్టారు. ఎందుకో చెప్పలేదు.

మెహరున్నీసా మాట తప్పలేదు. బొమ్మ చూపించింది. ఇన్ని నెలలూ రాని బొమ్మ నిన్న ఎందుకు వచ్చిందో ఒక్కొక్కటే చెప్పింది. లారీలు ఎగరలేదు, బండ అదరలేదు, అందుకే వచ్చిందని మూడు భాషల్లో చెప్పింది. పెద్దాయన చప్పట్లు కొట్టాడు. నేనూ కొట్టాను.

పరాంకుశం గారు మైకు అందుకున్నారు.

“పూర్వము ఈ పరమాణువుల చిత్రము చెదిరియుండెను. నేడు స్థిరముగా నిలిచినది. అనగా అవి ఎట్టకేలకు వేగము తగ్గించుకొన్నవి. ఇది మా మండలి నిర్విరామ కృషి ఫలితమని సవినయముగా మనవి చేయుచున్నాను.”

మెహరున్నీసా లేచి నిలబడింది. “సార్, నిన్న రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ ఒక్కటి కూడా లేదు.”

“లేకున్ననూ భయము నిలిచినది. క్రమశిక్షణ అనునది అట్టిది” అన్నారాయన.

శేషశాయి గారు దాన్ని హిందీలో చెప్పారు. పెద్దాయన దిండు మీద ముందుకు జరిగి మరీ విన్నాడు. పరమాణువుకే క్రమశిక్షణ నేర్పిన జిల్లా ఇదొక్కటేనని మెచ్చుకుని, తన కింద ఉన్న సంస్థలన్నిటిలో ఈ పద్ధతి పెట్టిస్తానన్నాడు. మెహరున్నీసా ఇంకా నిలబడే ఉంది. వెనకనుంచి ఎవరో కూర్చోమ్మా అన్నారు.

పరాంకుశం గారు గొంతు తగ్గించారు. ఈ విజయానికి నాంది పలికిన త్యాగమూర్తిని మరువరాదన్నారు. ఆమె పడిన చోటనే తొలి వేగ నిరోధకమును రేపటికల్లా గ్రానైటుతో పునర్నిర్మించి, శాశ్వతము చేసి, ఆ పుణ్యవతి పేరు పెడుతున్నామన్నారు. వేదిక పక్కన తెర కప్పి ఉన్నది అప్పటిదాకా నేను కూలరు అనుకున్నాను. అది శిలాఫలకం.

హంపమ్మ వదినను పైకి పిలిచి శాలువా కప్పారు. కొంగు నడుముకు దోపుతుందని చూశాను. ఆమె శాలువా కొసతో కళ్ళు తుడుచుకుంది. “మా ఇంటా వంటా ఎవురి పేరూ రాతి మీద లేదు సామీ. నా చెల్లెలు ఎక్కింది” అంది.

తర్వాత నన్ను పిలిచారు. భర్తగా రెండు మాటలు చెప్పమన్నారు. మైకు నా నోటి దగ్గర పెట్టారు. అది నా కంటే పొట్టి మనిషికి సర్ది ఉంది. వంగాను.

“తీసేయండి” అన్నాను.

పెద్దాయన శేషశాయి గారి వైపు చూశాడు. శేషశాయి గారు తల ఊపుతూ హిందీలో చెప్పారు. ఇద్దరు మనుషులు గబగబా పోయి తెర తీసేశారు.

‘శ్రీమతి సుంకమ్మ స్మారక వేగ నిరోధకం’ అని చెక్కి ఉంది. అక్షరాలకు బంగారు రంగు వేశారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మైకు నా చేతిలోంచి తీసుకున్నారు.

ఇప్పుడు దాన్ని ఎవరూ తీయలేరు. మామూలు వేగ నిరోధకాన్ని తీయడానికైనా అర్జీ ఉంది. స్మారకాన్ని తీయడానికి అర్జీ లేదు. వదిన ఏడాదికోసారి దానికి దండ వేస్తుంది. ఆమెతో నాకు మాటల్లేవు. మెహరున్నీసా వేరే ఊరి సంస్థకు మార్పించుకుంది. పోయేముందు క్యాంటీన్‌కు వచ్చింది. ఆమె టీ తాగింది. ఆ మరునాడు నేను క్యాంటీన్ మూసేశాను. యంత్రం ఇప్పటికీ నడుస్తోంది. అందులో అలుక్కుపోయిన బొమ్మలు వస్తున్నాయి.

పేరుంది కనుక ఆ చోటుకు బస్సు స్టాపు ఇచ్చారు. మా రోడ్డున బస్సెక్కితే మీకూ వినబడుతుంది. తల టాపుకు కొట్టుకున్నవాడు, “దీని నడుములిరగ, ఈ సుంకమ్మ సంపుతాంది రోజూ” అంటాడు. పక్కవాడు, “సుంకమ్మ మింద మెల్లగా పోనీ డ్రైవరన్నా” అంటాడు. కండక్టరు బస్సు రేకు మీద కొట్టి, “సుంకమ్మ ఎవురప్పా, సుంకమ్మా... దిగాల, దిగాల” అని అరుస్తాడు. ఎవరో ఒకరు దిగుతారు.

నేను ఒక స్టాపు ముందే దిగి నడుస్తాను. టికెట్టు అక్కడిదాకా ఉంటే ఇక్కడెందుకు దిగుతావని కండక్టరు అడిగాడు. వాడికి చెప్పలేదు. ఇక్కడ చెప్పాను. దీని గురించి ఇక ఎవరితోనూ, ఎప్పటికీ మాట్లాడను.